చేవ్రాలు చేయుటకు మున్ను

గడచిన విద్యాసంవత్సరమున నొకనాటి సాయంకాలము, బడి విడిచిన పిమ్మట, తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు మడతపెట్టిన కాగితము చేతబట్టుకొని మా యొద్దకు వచ్చెను. "సార్, జమానతుదారు అంటే సాక్షేనా? మా బాపు రేపు దీనిమీద దస్కతు పెడ్తడట" అని యడిగెను. వాని యింట చదువెఱిగినవాడు వాడొక్కడే. తండ్రికి తన పేరు వ్రాయుట మాత్రము వచ్చును. ఆ కాగితమును చదివి మేము కొంతసేపు మాటాడకుంటిమి. ఏలయన, ఇరువది సంవత్సరముల క్రిందట నట్టి కాగితముపైననే, అట్టి ప్రశ్న నెవ్వరిని నడుగకయే, మేమును చేవ్రాలు చేసియుంటిమి. ఆ సంగతిని దాని స్థలమున చెప్పుదుము.

మన పాఠశాలలో బీజగణితమును, భూగోళమును, చరిత్రను నేర్పుచున్నాము. కాని విద్యార్థి యిల్లు చేరినతోడనే తల్లిదండ్రులు వానిచేత చదివించునవి బ్యాంకువారి యుత్తరములు, చిట్టీల కాగితములు, భూమి పత్రములు, కోర్టు నోటీసులు. వానియందలి మాటలు మన పాఠ్యపుస్తకములలో కానరావు. కావున నిత్యము వినవచ్చు నట్టి మాటలలో కొన్నింటి యర్థములను ఈ సంచికయందు వివరింప బూనితిమి. ఇది న్యాయశాస్త్ర గ్రంథము కాదు. వకీలునకు బదులుగా నిలుచునదియు గాదు. ఏ మాట కనబడినప్పుడు నిలిచి ప్రశ్నింపవలెనో చదువరులకు తెలిసినచో మా ప్రయత్నము ఫలించినట్లే.

ఈ మాటలు మనకెట్లు వచ్చినవి

వరంగల్లు ప్రాంతమున వ్యవహారపు మాటలు మూడు పొరలుగా నున్నవి. ఋణము, వడ్డి, పత్రము, సాక్షి మొదలగునవి మన ప్రాచీన భాషనుండి వచ్చినవి. రెండవ పొర నిజాం ప్రభుత్వ కాలమునాటిది. ఆ ప్రభుత్వపు కచేరీలలో మొదట పారసీయును, పందొమ్మిదవ శతాబ్ది కడపటి భాగమునుండి ఉర్దూయు వాడుకలో నుండెను. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానము భారతదేశమున చేరిన తరువాత ఆ భాషలు కచేరీలనుండి తొలగినను, వాని మాటలు మాత్రము గ్రామములలో నిలిచిపోయినవి. మూడవ పొర ఇంగ్లీషు: నోటు, చెక్కు, నామినీ, డిక్రీ మొదలగునవి.

మాట పుట్టుక తెలిసినయెడల దాని యర్థము గుర్తుండును. 'అసలు' అనగా అరబ్బీ భాషలో మూలము, వేరు. 'బాకీ' యనగా మిగిలియున్నది. 'కిస్తు' అనగా భాగము. 'రసీదు' అనగా పారసీలో చేరినది. సొమ్ము చేరినదని తెలుపు కాగితము గనుక దానికా పేరు. 'కౌలు' అనగా ఇచ్చిన మాట. 'వారసు' అనగా మృతుని యాస్తి పొందువాడు. మనము దినదినము పలుకు మాటలే యివి. కాగితముపై కనబడినంతమాత్రమున వీనికి భయపడ నక్కరలేదు.

ఒక సంగతిని ఇచ్చటనే చెప్పుట యుక్తము. ఓరుగల్లును పాలించిన కాకతీయ గణపతిదేవుడు 1244వ సంవత్సరమున సముద్రతీరమందలి మోటుపల్లి రేవులో నొక శాసనము వేయించెను. గాలివానకు ఓడలు చెడి తీరమునకు కొట్టుకొనివచ్చినప్పుడు పూర్వపు రాజులు వానిలోని సరకులను లాగుకొనుచుండిరనియు, తాను మాత్రము నియమితమైన సుంకమును దప్ప మఱేమియు పుచ్చుకొననియు ఆయన అందు అభయమిచ్చెను. పుచ్చుకొనునది యెంతయో ముందుగనే వ్రాసి, ఇచ్చువానికి కనబడునట్లు నిలుపుట న్యాయమైన వ్యవహారమునకు మొదటి లక్షణము. ఇట్టి వ్రాతను అడుగుటకు మనకును హక్కు గలదు.

అసలు, మిత్తి

అప్పుగా తీసికొన్న సొమ్ము అసలు. దానిని వాడుకొన్నందుకు ఇచ్చు ప్రతిఫలము వడ్డి; మన ప్రాంతమున దీనినే మిత్తి యందురు. గ్రామములలో మిత్తిని నెలకు, నూటికి ఇన్ని రూపాయలని చెప్పుదురు. బ్యాంకులు సంవత్సరమునకు, నూటికి ఇంత యని చెప్పును. ఈ భేదమును గమనింపక పెక్కురు మోసపోవుచున్నారు. "నూటికి రెండు రూపాయలు" అని షావుకారు చెప్పినచో అది సంవత్సరమునకు నూటికి 24 రూపాయలు. "బ్యాంకువారు తొమ్మిది యడుగుచున్నారు, ఇతడు రెండే యడుగుచున్నాడు" అని సంతోషించుట లెక్క తెలియమిచేతనే గదా.

వడ్డి రెండు విధములు. అసలుపై మాత్రమే లెక్కకట్టునది బారువడ్డి. ఏటేట వడ్డిని అసలుతో గలిపి, ఆ మొత్తముపై మరల లెక్కకట్టునది చక్రవడ్డి. 10,000 రూపాయలకు సంవత్సరమునకు 24 వంతున మూడు సంవత్సరములకు బారువడ్డి 7,200 రూపాయలు. తీర్పవలసిన మొత్తము 17,200. అదియే యేటేట చక్రవడ్డి యైనచో మొత్తము సుమారు 19,066 రూపాయలగును. ఈ లెక్కను ఎనిమిదవ తరగతి విద్యార్థి చేయగలడు. చేసి తన తల్లిదండ్రులకు చూపవలసినదని మా కోరిక.

ఇంకొక చిక్కు గలదు. దానికి 'ఫ్లాట్ రేటు' అని పేరు. ఒక స్త్రీ 12,000 రూపాయలు అప్పు తీసికొని, నెలకు 1,000 వంతున పండ్రెండు నెలలలో అసలు తీర్చవలెననుకొందము. వడ్డి నెలకు నూటికి ఒక్క రూపాయి. ఫ్లాట్ రేటున మొదటి నెల మొదలుకొని కడపటి నెలవరకు ప్రతి నెలయు 120 రూపాయలు వసూలుచేయుదురు. మొత్తము వడ్డి 1,440. కాని ఆమె యొద్ద 12,000 ఉన్నది మొదటి నెల మాత్రమే. కడపటి నెలలో ఉన్నది 1,000 మాత్రమే. మిగిలియున్న బాకీపైననే వడ్డి కట్టినచో మొత్తము 780 రూపాయలు మాత్రమగును. మఱియొక విధముగ చూచినచో, సంవత్సరము పొడవున సగటున ఆమె వాడుకొన్నది 6,500 రూపాయలు. దానిపై 1,440 వడ్డి యనగా సంవత్సరమునకు నూటికి 22కు పైగా పడినది. పండ్రెండని చెప్పబడినది ఇరువదిరెండయ్యెను. ఇందు అబద్ధమాడినవారు లేరు. ఒక్క మాట యర్థము తెలియకపోయెను, అంతియే.

ఇది వట్టి యూహ కాదు. సూక్ష్మఋణ సంస్థలనుండి తీసికొన్న యప్పుల కిస్తులు కట్టలేక వరంగల్లు మొదలగు జిల్లాలలో పెక్కు కుటుంబములు నలిగిన పిమ్మట, నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2010 అక్టోబరులో ఆ సంస్థలను అదుపుచేయుటకు ఆర్డినెన్సును తెచ్చెను. ఇప్పుడు రిజర్వు బ్యాంకు నియమము ప్రకారము, 2024 అక్టోబరు 1వ తేదీనుండి బ్యాంకులును ఋణసంస్థలును వ్యక్తులకిచ్చు క్రొత్త యప్పులకు 'కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్', అనగా ముఖ్యాంశముల పత్రమును, అప్పు తీసికొనువారికి అర్థమగు భాషలో ఇయ్యవలెను. అందు రుసుములతోగూడ లెక్కవేసిన వార్షిక వడ్డి రేటు వ్రాయబడియుండును. ఆ పత్రమును తెలుగున నడుగుట మన హక్కు. మోటుపల్లి రాతిస్తంభము చేసిన పనినే నేడు ఈ కాగితము చేయవలసియున్నది.

నోటు, చెక్కు, గిర్వి

ప్రామిసరీ నోటు అనగా "ఇంత సొమ్మును మీకుగాని, మీరు చెప్పినవారికిగాని చెల్లింతును" అని వ్రాసి చేవ్రాలు చేసిన వాగ్దానము. 1881వ సంవత్సరపు నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టము దీనికి ఆధారము. అడిగినప్పుడు చెల్లింతునని వ్రాసిన నోటుపై దావా వేయుటకు వ్రాసిన తేదీనుండి మూడు సంవత్సరములు గడువు. దీనిని కాలపరిమితి యందురు. గడువులోపల ఋణస్థుడు కొంత సొమ్ము కట్టి, కట్టితినని తన చేతితో వ్రాసినను, అప్పున్నదని వ్రాతమూలముగ నొప్పుకొన్నను, ఆనాటినుండి మరల మూడు సంవత్సరములు లెక్కకు వచ్చును.

ఇందు మూడు జాగ్రత్తలు వలయును. మొదటిది, ఖాళీ నోటుపై ఎన్నడును చేవ్రాలు చేయరాదు. స్టాంపుగల ఖాళీ కాగితముపై చేవ్రాలు చేసి యిచ్చినవాడు, దానిని పూర్తిచేసికొనుటకు పుచ్చుకొన్నవానికి అధికార మిచ్చినట్లే ఆ చట్టము తలచును. రెండవది, సొమ్ము కట్టినప్పుడెల్ల రసీదు పుచ్చుకొనవలెను, లేదా నోటు వెనుక చెల్లు వ్రాయింపవలెను. మూడవది, అప్పు తీరిన దినముననే నోటును తిరిగి తీసికొనవలెను. "మనవాడే గదా, రేపిచ్చును" అని యూరకుండిన కాగితము పదిమంది చేతులు మారవచ్చును.

చెక్కు అనగా ఫలానివారికి ఇంత సొమ్మిమ్మని బ్యాంకునకు మనము వ్రాయు ఆజ్ఞ. ఖాతాలో సొమ్ము లేక చెక్కు మరలివచ్చినచో, నోటీసు అందిన 15 దినములలో చెల్లింపనివానిపై నేరము మోపవచ్చును. రెండు సంవత్సరములవరకు శిక్షయు, చెక్కు మొత్తమునకు రెండింతలవరకు జుల్మానాయు పడవచ్చును. కావున ఖాళీ చెక్కులను పూచీగా నిచ్చుట నిప్పును పొట్లము కట్టి యిచ్చుటయే.

గిర్వి యనగా సొత్తును కుదువబెట్టి సొమ్ము తెచ్చుకొనుట. కుదువబెట్టిన నగ మన సొత్తుగానే యుండును. అప్పుచ్చినవాడు దానికి కాపరి మాత్రమే. అప్పు తీరనియెడల ముందుగా తెలిపి అమ్ముటకు వానికి హక్కు గలదు. కాని అమ్మగా వచ్చిన సొమ్ము బాకీకి మించినచో, మించినది మనకు తిరిగి యియ్యవలెను. వేలము లెక్కను అడిగి తెలిసికొనుట మనకు చెల్లును.

సాక్షి వేఱు, జమానతుదారు వేఱు

ఇక మా విద్యార్థి ప్రశ్నకు వత్తము. సాక్షి యనగా, ఫలానివాడు తన యెదుట చేవ్రాలు చేసెనని చెప్పువాడు. అప్పుతో అతనికి సంబంధము లేదు. ఎన్నడైన తగవు పుట్టినచో చూచినది చూచినట్లు చెప్పుటయే వాని విధి. జమానతుదారు, లేక జామీనుదారు, అనగా అప్పు తీసికొన్నవాడు చెల్లింపనిచో తాను చెల్లింతునని పూచీపడినవాడు. 1872వ సంవత్సరపు కాంట్రాక్టు చట్టము ప్రకారము, వేఱుగా వ్రాసికొనకున్నయెడల, ఋణస్థుని బాధ్యత యెంతయో జమానతుదారుని బాధ్యతయు నంతయే. "మొదట వానిని అడుగుడు, వాని యొద్ద దొరకనిచో నా యొద్దకు రండు" అనుటకు వీలులేదు. అప్పిచ్చినవాడు తిన్నగా జమానతుదారునిపైననే దావా వేయవచ్చును.

ఇరువది సంవత్సరముల క్రిందట మేము శిక్షణ కళాశాలనుండి వచ్చి క్రొత్తగా ఉద్యోగమున చేరితిమి. మాతో పనిచేయు నొక మిత్రుడు చిట్టీ పాడి, సొమ్ము తీసికొనుటకు కాగితముపై మమ్ము చేవ్రాలు చేయుమని కోరెను. "వట్టి సాక్షి సంతకము, అంతియే" అని యతడు చెప్పెను. అతడు మోసము తలపెట్టి చెప్పెనని నేటికిని మేము నమ్మము. అతనికిని భేదము తెలియదు. కాగితము ఇంగ్లీషున నుండెను. మేము పట్టభద్రులము, ఇంగ్లీషు చదువగలవారము, అయినను చదువలేదు. చదువుట స్నేహమునకు కొఱత యని తలచితిమి.

కొన్ని నెలలు కిస్తులు సాగినవి. తరువాత మిత్రునకు కష్టములు వచ్చి, అతడు ఊరు విడిచి పోయెను. తగవు నడచి తీర్పు మాపైనను వచ్చెను. మా జీతము జప్తయ్యెను. జీతమునందు మొదటి వేయి రూపాయలును, మిగిలినదానిలో మూడింట రెండు వంతులును సామాన్యపు బాకీలకు జప్తు చేయరాదని సివిల్ ప్రొసీజర్ కోడ్ చెప్పుచున్నది గనుక తినుటకు మిగిలెను. పదునాలుగు నెలలు అట్లే గడచినవి. ఆ నడుమ మా యింటివారు తమ గాజులను గిర్వి పెట్టిరి. పూచీపడి సొమ్ము కట్టినవాడు ఆ సొమ్మును అసలు ఋణస్థునినుండి రాబట్టుకొనవచ్చునని చట్టము చెప్పును. ఆ హక్కు మాకును గలదు. మిత్రుని జాడ మాత్రము దొరకలేదు. హక్కు కాగితముపై నిలిచెను, గాజులు తిరిగివచ్చుటకు రెండేండ్లు పట్టెను. సామెతల గ్రంథమునందు పూచీపడుటను గూర్చిన హెచ్చరికను మేము బాల్యమునుండి వినుచునేయుంటిమి. విన్నది వేఱు, గ్రహించినది వేఱు.

ఈ సంగతిని సానుభూతికై చెప్పలేదు. పూచీపడుట పాపమనియు చెప్పుటలేదు. బంధువుకో స్నేహితునకో ఆపదలో నిలువవలసిన దినములు వచ్చును. కాని నిలుచువాడు ఎంత బరువు నెత్తికెత్తుకొనుచున్నాడో తెలిసి నిలువవలెను. పూచీని ఫలాని మొత్తమునకు మించకుండ వ్రాసికొనవచ్చునని చాలమందికి తెలియదు. ఆ మాట అడిగి వ్రాయించుట తప్పు కాదు.

ఇంకొక సంగతి. నేరము మోపబడినవాడు విచారణకు వచ్చునని పూచీపడుటను గూడ జమానతు అనియే యందురు. ఆ జమానతున ఋణముతో పని లేదు. ముద్దాయి రాకపోయినచో పూచీపడినవాడు వ్రాసియిచ్చిన మొత్తమును కోర్టునకు కట్టవలసివచ్చును. మాట యొకటియే గాని, బరువులు రెండు విధములు.

చిట్టీ, డిపాజిట్టు

చిట్టీ యనగా కొందఱు కలిసి నెలనెల సమానముగ సొమ్ము వేసి, ఆ మొత్తమును ఒక్కొక్క నెల ఒక్కొక్కరు తీసికొనుట. ఇరువదిమంది నెలకు 5,000 వంతున వేసినచో మొత్తము లక్ష రూపాయలు. అవసరముగలవాడు 20,000 తగ్గించి పాట పాడినచో వాని చేతికి 80,000 వచ్చును. తగ్గిన 20,000 లో నిర్వాహకుని కమీషను 5,000 పోగా, మిగిలిన 15,000 ఇరువదిమందికి 750 వంతున పంచబడును. పాడినవాడు మిగిలిన నెలలన్నియు కిస్తు కట్టవలెను గనుక, వానినుండి జమానతుదారులను కోరుదురు. మేము చిక్కుకొన్నది ఇచ్చటనే.

చిట్టీలకు 1982వ సంవత్సరపు కేంద్ర చట్టము గలదు. దాని ప్రకారము చిట్టీని రిజిస్ట్రారు అనుమతితో నడుపవలెను. చిట్టీలో వేసిన సొమ్ము బ్యాంకు డిపాజిట్టు వంటిది కాదు. బ్యాంకు డిపాజిట్టునకు, ఆ బ్యాంకు మూతపడినను, ఒక్కొక్క బ్యాంకులో ఒక్కొక్కరికి అసలు వడ్డి కలిపి 5 లక్షల రూపాయలవరకు బీమా గలదు. 2020 ఫిబ్రవరికి ముందు అది లక్ష రూపాయలే. చిట్టీకి అట్టి బీమా లేదు. కావున చిట్టీ వేయువారు "ఇది రిజిస్టరైనదా?" అను ప్రశ్నను మొట్టమొదట అడుగవలెను.

భూమి కాగితములు

మన విద్యార్థులలో పెక్కురు రైతుబిడ్డలు. 121 చదరపు గజములు ఒక గుంట. 40 గుంటలు ఒక ఎకరము. ఇది యెల్లరకు తెలిసినదే. తెలియవలసినది పట్టా, కబ్జా, కౌలు అను మూడింటి భేదము. ప్రభుత్వపు లెక్కలో భూమి ఎవని పేరనున్నదో అతడు పట్టాదారు. భూమి ఎవని స్వాధీనమున నున్నదో అతడు కబ్జాదారు. పంటలో భాగమో సొమ్మో యిచ్చెదనని యొప్పుకొని దున్నువాడు కౌలుదారు. ఈ మువ్వురును ఒక్కడే కావచ్చును, మువ్వురును వేఱువేఱు మనుష్యులును కావచ్చును.

ప్రతి సంవత్సరము భూమిని, పంటను, స్వాధీనమును వ్రాయు లెక్క పహాణీ. తెలంగాణమున 1954–55 నాటి ఖాస్రా పహాణీని మూలపు లెక్కగా నేటికిని చూచుచున్నారు. 2020వ సంవత్సరమున ధరణి యను పేరను, 2025వ సంవత్సరపు చట్టముతో భూభారతి యను పేరను ఈ లెక్కలు కంప్యూటరునకు ఎక్కినవి. లెక్కయున్న చోటు మారినను మాటలు మారలేదు. కావున వానిని తెలిసికొనుట నేటికిని అక్కరయే.

'బైనామా' యనగా అమ్మకపు పత్రము. రిజిస్ట్రేషను లేక తెల్లకాగితముపై వ్రాసికొన్నది సాదాబైనామా. మన పల్లెలలో తాతలనాడు నమ్మకముపై ఇట్లే భూములు చేతులు మారినవి. కాని నూరు రూపాయలు, అంతకు మించిన విలువగల భూమిని అమ్మునప్పుడు రిజిస్టరు పత్రము ఉండవలెనని చట్టము. అది లేనిచో, సొమ్ము పూర్తిగా కట్టి ముప్పది యేండ్లు దున్నినను, లెక్కలో పట్టాదారు అమ్మినవాడే. అతడు గతించి, అతని మనుమలు వచ్చి "ఇది మా భూమి" యనినప్పుడు కొన్నవాని కుటుంబము చేతిలో నిలుచునది ఆ తెల్లకాగితమొక్కటే. 2014 జూన్ 2వ తేదీకి పూర్వము వ్రాసికొన్న సాదాబైనామాలను కొన్ని షరతులతో క్రమబద్ధము చేయుటకు ప్రభుత్వము 2016లోను 2020లోను దరఖాస్తులు తీసికొనెను. 2020లో దరఖాస్తు పెట్టి యెదురుచూచుచున్నవారికి భూభారతి చట్టమున మార్గము చూపబడినది. ఇంటిలో అట్టి కాగితమున్నవారు దానిని పాడుచేయక, దరఖాస్తు రసీదుతోగూడ భద్రపఱుపవలెను.

'విరాసత్' అనగా పట్టాదారు గతించినపిమ్మట భూమిని వారసుల పేర మార్చుట. దీనిని సంవత్సరముల తరబడి వాయిదా వేయుట మన యలవాటు. తండ్రి పేరనున్న భూమి తాతపేరనున్న భూమియగును, వారసులు నలువురు పండ్రెండ్రగుదురు, తగవు పెరుగును. 'లావణి పట్టా' యనగా భూమిలేని పేదలకు ప్రభుత్వమిచ్చిన భూమి. దానిని అమ్ముటను 1977వ సంవత్సరపు చట్టము నిషేధించినది. కావున తెలియక కొన్నవాడు సొమ్మును, అమ్మినవాడు భూమిని పోగొట్టుకొనవచ్చును. భూమి కొనువారు సబ్‌రిజిస్ట్రారు కచేరీలో ఈ.సి. యను పత్రమును తీసికొని, ఆ భూమిపై గిర్విగాని, పూర్వపు అమ్మకముగాని నమోదై యున్నదేమో చూచుకొనవలెను.

నామినీ, వారసుడు

ఖాతాదారుడు గతించినప్పుడు సొమ్మును ఎవరి చేతికియ్యవలెనో బ్యాంకునకు వ్రాసియిచ్చిన పేరు నామినీ. నామినీయే యజమాని యని పెక్కురు తలచుచున్నారు. బ్యాంకు డిపాజిట్టు విషయమున నామినీ సొమ్మును పుచ్చుకొనువాడే గాని, దానికి ఏకైక యజమాని కాడు. వారసులందఱికిని వారివారి భాగములు గలవు. జీవితబీమా విషయమున మాత్రము 2015వ సంవత్సరపు సవరణ తరువాత తల్లిదండ్రులుగాని, భార్యగాని, భర్తగాని, పిల్లలుగాని నామినీలైనచో ఆ సొమ్మునకు వారే హక్కుదారులు. ఎట్లైనను నామినీ పేరు వ్రాయకపోవుట కుటుంబమునకు కష్టము. పెండ్లికి మున్ను తల్లి పేరు వ్రాసినవారు, పెండ్లియైన పిమ్మట ఆ కాగితమును మరల ఒకసారి చూచుకొనుట మంచిది.

కోర్టునుండి వచ్చు కాగితము

కోర్టు కాగితమును చూచి తలుపు వేసికొనుట మన పల్లెలలో తఱచు. అది కీడు చేయును. సమను అనగా ఫలాని దినమున రమ్మను పిలుపు. దానిని తీసికొననని త్రిప్పిపంపినను అందినట్లే భావింపవచ్చును. ప్రతివాది రానిచో విచారణ ఏకపక్షముగ జరిగి, వాది కోరినట్లు డిక్రీ, అనగా తీర్పు, కలుగవచ్చును. డిక్రీ తరువాతిది జప్తు. కావున సమను వచ్చినచో వెంటనే వకీలు నొద్దకు పోవలెను.

సివిలు, క్రిమినలు అను భేదమును తెలియవలెను. అప్పు తీర్పలేకపోవుట మాత్రమే నేరము కాదు. అది సివిలు వ్యవహారము. "పోలీసులు వచ్చి పట్టుకొనిపోవుదురు" అని బెదిరించు వసూలుదారుని మాటకు వణుక నక్కరలేదు. మోసమును, చెల్లని చెక్కును మాత్రము వేఱుగా చూచుకొనవలెను. బ్యాంకులు, ఋణసంస్థల వసూలుదారులు ఉదయము 8 గంటలకు మున్నుగాని, రాత్రి 7 గంటల తరువాతగాని వసూలునకై ఋణస్థునకు ఫోను చేయరాదని రిజర్వు బ్యాంకు నియమము.

వకీలునకు ఫీజు ఇయ్యలేనివారికి 1987వ సంవత్సరపు న్యాయసేవల చట్టము దారి చూపుచున్నది. స్త్రీలు, పిల్లలు, షెడ్యూల్డు కులములవారు, తెగలవారు తమ యాదాయముతో నిమిత్తము లేక ఉచితముగ వకీలును పొందవచ్చును. తక్కినవారిలో స్వల్పాదాయముగలవారును పొందవచ్చును. 15100 అను ఫోను నంబరున సలహా దొరకును. లోక్ అదాలతునందు ఇరుపక్షములు రాజీపడినచో కట్టిన కోర్టు ఫీజు తిరిగివచ్చును. ఆ తీర్పుపై అప్పీలు లేదు. అప్పీలు లేదు గనుకనే అచ్చటను అర్థము చేసికొనియే యొప్పుకొనవలెను.

ముగింపు

ఇన్ని మాటలను జ్ఞాపకముంచుకొనుట కష్టమైనచో నాలుగు ప్రశ్నలను జ్ఞాపకముంచుకొనుడు. ఈ కాగితముపై నేనెవరను: ఋణస్థుడనా, సాక్షినా, జమానతుదారునా? నేను కట్టవలసినది మొత్తముమీద ఎంత? కట్టలేకపోయినచో నా దేది పోవును? ఈ కాగితపు నకలు నాకిత్తురా? ఈ నాలుగింటికిని తెలుగున సమాధానము దొరకువరకు చేవ్రాలుగాని వ్రేలిముద్రగాని వేయరాదు. "తొందరగా పెట్టండి, అందఱును పెట్టిరి" అని యెవరైన ననినచో, ఆ దినము చేయకుండుటయే మేలు.

మా యొద్దకు వచ్చిన విద్యార్థి ఆ రాత్రి యింటికి పోయి తండ్రికి కాగితమును మొదటినుండి చదివి వినిపించెను. అప్పు తండ్రి బావమరిదిది. తండ్రి మఱునాడు పోయి చేవ్రాలు చేయకుండునని మేము తలచితిమి. అతడు చేసెను. కాని చేయుటకు మున్ను భార్యతో చెప్పెను. బావమరిదిని కూర్చుండబెట్టి నెలకెంత కట్టునో, ఎట్లు కట్టునో యడిగెను. పూచీ యెంత మొత్తమువఱకో కాగితముపై వ్రాయించెను. నకలు తెచ్చుకొని పెట్టెలో పెట్టెను. కిస్తు కట్టిన ప్రతి నెలయు బావమరిది రసీదును తెచ్చి చూపుచున్నాడట. ఆ విద్యార్థి ఇప్పుడు పదవ తరగతిలో నున్నాడు. ఆ రసీదులను వాడే తేదీల వరుసను దారమున గ్రుచ్చి యుంచుచున్నాడు.